గులాబీ పాఠం ఎవరిది?

“...గందుకనే అంటున్న, జర ఆగి చాయ్ తాగుదాం. పదకొండింటికి గదనే రమ్మన్నది. ఇంకా పది గూడ కాలే.”

“నాకు చాయ్ వద్దు లిదియా. నిన్ను ఆ యూనివర్సిటీ గేటు కాడ దించి నేను కాలేజీకి మర్లాలె. పన్నెండింటికి ఫస్టియర్ క్లాసున్నది.”

మొయినాబాద్ దాటాక రోడ్డు పక్కన చాయ్ బండి. చేవెళ్ల డిగ్రీ కాలేజీలో ఆరేళ్లుగా ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చుంటున్న ఇద్దరు గెస్టు లెక్చరర్లు స్కూటీ దిగారు. బండి నడిపింది బాటనీ చెప్పే అనూహ్య, వెనక కూర్చుంది హిస్టరీ చెప్పే లిదియా. పొద్దున్నుంచీ అనూహ్య కడుపులో మంట అంతా ఇంతా కాదు, చాయ్‌తో చల్లారే మంటా అది!

“నీ క్లాసు సంగతి తిరుపతి సార్‌కు చెప్పిన. ఆయన తీసుకుంటడు.”

“నా క్లాసు గురించి నువ్వెందుకు చెప్పినవ్?”

“ఊకెనే. లేటయితే పరేషాన్ అయితవని.”

“అబ్బో! ఇప్పటి సందే పెద్ద మేడం లెక్క ఆర్డర్లు. ఉద్యోగం చేతికి రాకముందే గిట్లుంటే, వచ్చినంక మమ్ముల గుర్తువడ్తవా?”

“గట్ల మాట్లాడకే అనూ.”

“ఇంకెట్ల మాట్లాడాలె? ఆ చీర సూడు. క్రిస్మస్‌కు గూడ కట్టలే నువ్వు గిసొంటిది.”

“అమ్మది. కట్టుకపో అన్నది.”

“విమలమ్మ బీరువా తీసిందంటే ఇగ సంగతి ఖాయమైనట్టే.”

“ఏం ఖాయం గాలే.”

“మరెందుకు పిలిచిన్రు? గేటుకు రంగు ఎట్లేసిన్రో చూడనీకా?”

“...నువ్వు మెయిల్ చూసినవా?”

“మళ్లా అదే! నిన్నటి సంది ఇది నాలుగోసారి. నీకొచ్చిన మెయిల్‌కు నేను దండం వెట్టాల్నా?”

“నాకొచ్చింది గాదే, నీ మెయిల్...”

“నా మెయిల్ల ఏముంటది? లోన్ కావాల్నా, ప్లాటు కావాల్నా, గివే. వారం సంది తెరుస్తలే. తెరవ గూడ. అన్నా, రెండు చాయ్! ఒక దాంట్ల చక్కెర తక్కువెయ్యి.”

“వద్దంటివి?”

“నెత్తి నొస్తున్నది. నీ కోసం గాదు.”

“సరే తియ్.”

“ఇద్దరం దరఖాస్తు వెట్టినం, ఒక్కటే పోస్టు వేసిన్రు లిదియా. అసిస్టెంట్ ప్రొఫెసర్. ఒక్కటి. పర్మనెంట్. మన లెక్క పీరియడ్‌కింత అని గాదు, ఎండకాలం సెలవులల్ల గూడ జీతమొస్తది.”

“తెలుసు.”

“మనకు జూన్ల రెన్యువల్ ఉంటదో లేదో ఆ దేవునికే తెల్వాలె. రాకేష్ సార్ చూడు, ఫిజిక్సుల పీహెచ్‌డీ చేసి చందనవెల్లి ఫ్యాక్టరీల సూపర్‌వైజర్‌గ చేరిండు. రేపు నేను గూడ గంతే.”

“నువ్వెందుకు చేర్తవ్? మీకు గులాబీలు పెంచే పాలీహౌస్‌లున్నయి.”

“అవి బాపువి. నావి గాదు. బాపు తర్వాత తమ్మునివి. నాకేమున్నది, ఒక చాక్‌పీస్ డబ్బ. అది గూడ సగం నీదేనాయె.”

“...చక్కెర తక్కువది ఇదేనా?”

“ఆ పోస్టు ఇంటర్ డిసిప్లినరీ కోర్సుకు అని మా అమ్మకు నెల రోజులు చెప్పిన. శకుంతలమ్మకు నోరు తిరగలే. ‘అన్ని కూరలు ఒక్క కుండల వండుడా బిడ్డా’ అన్నది. గంతే గద మరి! ఒక్క వస్తువు తీసుకొని మొక్క గురించి, మనుషుల గురించి, మార్కెట్ గురించి అన్ని కలిపి చెప్పుడు. చేవెళ్లల మనం మూడేండ్ల సంది చేస్తలేమా? మన గులాబీ పాఠం ఏంది మరి? దానికి పేరు పెట్టుకోనీకి రాలే మనకు, గంతే.”

“ఆ మాట ఎందుకు ఇప్పుడు?”

“ఎందుకంటే ఆ యూనివర్సిటీల నీ డెమో క్లాసుల నువ్వు గదే చెప్పినవ్.”

“నీకెవరు చెప్పిన్రు?”

“ఎవరో చెప్పిన్రు.”

“డెమో రూముల నలుగురు ప్రొఫెసర్లు, నేను. ఎవరు చెప్పిన్రనూ?”

“అదొదిలెయ్. చెప్పినవా లేదా?”

“చెప్పిన. మర్నాడు నీ డెమోల నువ్వేం చెప్పినవ్?”

“నేనా? నేను... ఆకుల మీద చెప్పిన.”

“గులాబీ ఆకులా?”

“...నవ్వకు.”

“నవ్వుతలే.”

“అసలు పువ్వు నాదే గదా! మా బాపు పాలీహౌస్ కెల్లి బకెట్ నిండ పువ్వులు తెచ్చిందెవరు? అంటు ఎట్ల కడ్తరో బోర్డు మీద గీసిందెవరు? ఆ పిల్లలకు పువ్వు కోసి, రెక్క రెక్క విప్పి చూపించిందెవరు?”

“మరి ఐదాకుల రెమ్మ చూసి దాని మీద కొయ్యాలె, లేకుంటే మళ్ల మొగ్గ రాదు అని చెప్పిందెవరు? మీ పాలీహౌస్‌లనే మా అమ్మ తొమ్మిదేండ్లు కోసిందే. ఆమె చేతుల గీతలు ఫోటో తీసి పిల్లలకు చూపించిన నేను. పొద్దుగాల కోసిన పువ్వు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు ఎట్ల పోతది, కోసినామెకు ఏం మిగుల్తది, ఆ పాలీహౌస్ కాకముందు ఆడ ఏం పండుతుండె, ఎవరు పండిస్తుండె... ఆ సగం ఎవరిదే?”

“చేతులు మీ అమ్మవి. పువ్వు మాది.”

“భూమి గూడ మీదే అను, అయిపోతది.”

“నేనట్లనలే.”

“అనలే. అన్నట్టే ఉన్నది గని.”

“లిదియా, పొద్దుపొద్దుగాల కొట్లాట వెట్టుకోకు.”

“నేనా వెట్టుకున్న?”

“...రెఫరెన్స్ ఎవరిదిచ్చినవ్ దరఖాస్తుల?”

“నీదే. ఇంకెవరున్నరే మనకు? ప్రిన్సిపాల్ ఏడాదికొకరు మారుతరు. ఉన్నాయనకు మన పేర్లు గూడ తెల్వయి. నీతోని కలిసి పాఠం చెప్పిన మనిషి ఎవరు అని అడిగిన్రు, నీ నంబరే రాసిన.”

“నేను గూడ నీదే రాసిన.”

“తెలుసు. అనూ, ఆ యూనివర్సిటీ కెల్లి ఫోనొచ్చిందా నీకు?”

“ఏం ఫోన్?”

“నా గురించి అడగనీకి.”

“రాలే. వచ్చిందేమో, నేను క్లాసుల ఉన్న. తెల్వని నంబర్లు నేనెత్తను.”

“ఎత్తలే?”

“ఎత్తిన. ఎత్తిన గని సరిగ వినవడలే. మా ఇంటికాడ సిగ్నల్ సంగతి తెల్వదా నీకు?”

“డెమోల నేను గులాబీ చెప్పిననని ఆ ఫోన్లనే తెలిసింది గదా నీకు?”

“...చాయ్ మంచిగ లేదు.”

“అనూ.”

“మరి నీకు రాలేదా, నా గురించి?”

“సల్లారుతున్నది, తాగు.”

“వచ్చిందా రాలేదా?”

“తాగవే ముందుగాల.”

“అవునే, మండుతున్నది! కడుపుల కుతకుత మండుతున్నది, చాలా? నువ్వు నెట్ పాసయిననాడు స్టాఫ్‌రూమంతా స్వీట్లు పంచింది నేను. అప్పుడు మండలే. నీ పీహెచ్‌డీ అయిననాడు మీ శాంతయ్య బాపు ఏడుస్తుంటే నేను గూడ ఏడ్చిన. అప్పుడు గూడ మండలే. గీ ఒక్క పోస్టు కాడ నాకేమైందో నాకే సమజైతలేదు.”

“మెల్లగ. ఆయన చూస్తున్నడు.”

“చూడనీ! మా తమ్ముడు రంజిత్ ఏమన్నడో తెల్సా? ‘మన దగ్గర పువ్వులు కోసినామె బిడ్డకు వస్తది గని నీకు రాదా’ అన్నడు. వాని చెంప పగలగొడ్త అని తిట్టిన. తిట్టి, పక్క రూములకు పోయి తలుపేసుకొని అదే మాట నేననుకున్న.”

“గ్లాసు ఇటియ్యి, ఇచ్చొస్త.”

“ఏమన్న అనరాదే!”

“ఇప్పుడు జర తేలికైందా?”

“కాలే.”

“పా మరి. టైమైతున్నది.”

అజీజ్‌నగర్ తోటల గోడలు దాటి, ఫాంహౌస్‌ల బోర్డులు దాటి, స్కూటీ యూనివర్సిటీ గేటు దగ్గర ఆగింది. అనూహ్య హెల్మెట్ తీయలేదు, ఇంజను ఆపలేదు. వాచ్‌మన్ కాగితం పట్టుకుని లేచి వచ్చాడు.

“పేర్లు చెప్పున్రి మేడం, లిస్టుల చూస్త.”

“కొమురయ్య తాతా! నువ్వేంది ఈడ? నేను, లిదియాను.”

“ఓరి, విమలమ్మ బిడ్డవా! పంతులమ్మ లెక్క తయారైనవ్, గుర్తువట్టలే. మీ అమ్మ మంచిగున్నదా?”

“మంచిగున్నది తాతా.”

“ఆఁ, ఉన్నది నీ పేరు. మరి ఈ బిడ్డ?”

“నేను గాదు తాతా. దించనీకి వచ్చిన. పోతున్న.”

“మరి అనూహ్య అంటే ఎవరు?”

“...ఏందీ?”

“ఇగో, నువ్వే చూడు బిడ్డా. రెండు పేర్లు ఒక్క గీతల రాసిన్రు. లిదియా, అనూహ్య. ఇద్దరికి పదకొండింటికే, ఇద్దరికి ఒక్కటే రూము. బండి ఆ షెడ్డు కింద పెట్టున్రి, ఎండకు సీటు కాల్తది.”

“లిదియా, ఏందిది?”

“మెయిల్ చూడమని అందుకే మొత్తుకున్న.”

“నువ్వే చెప్పు.”

“నీ సర్టిఫికెట్లు నా బ్యాగులనే ఉన్నయి. నిన్న స్టాఫ్‌రూం బీరువాల కెల్లి తీసుకొచ్చిన. నీ క్లాసు గూడ అందుకనే...”

“ముందు సంగతి చెప్పవే!”

“హెల్మెట్ తీసి విను. ఆ ప్రొఫెసర్ మేడం రాసింది. ఇద్దరు ఒక్కటే పాఠం చెప్పిన్రంట, రెండు దినాలల్ల. మొదలు ఒకరిని చూసి ఒకరు కొట్టుకొచ్చిన్రనుకున్నరంట. గందుకని మనిద్దరికి ఫోన్లు చేసిన్రంట.”

“...ఊఁ.”

“ఇద్దరి మాటలు విన్నంక వాళ్లకు ఒకటి అర్థమైందంట. ఇది ఒక్కరితోని అయ్యే పాఠం గాదు, ఇద్దరుంటెనే నడుస్తది అని. గసొంటోళ్లే కావాలె మా కోర్సుకు అని రాసింది. ఆ పోస్టు తీసేసి, రెండేండ్ల టీచింగ్ ఫెలోషిప్పులు రెండు పెట్టిన్రు. కలిసొస్తెనే. ఒక్కరొస్తె ఇయ్యరు.”

“పోస్టు తీసేసిన్రా?”

“తీసేసిన్రు.”

“పర్మనెంటు?”

“లేదు. రెండేండ్లు. ఒక్క రూము, ఒక్క బల్ల, ఒక్క గులాబీ పాఠం. మళ్ల నువ్వూ నేనే.”

“అంటే... నేను ఆ ఫోన్ల మంచిగ చెప్తే పోస్టు నీకొస్తుండె.”

“కావొచ్చు.”

“జీతం, ఎండకాలం జీతం, అన్నీ.”

“ఫోన్ సరిగ వినవడలే అంటివి గదా.”

“వినవడ్డది. గంట కొట్టినట్టు వినవడ్డది. లిదియాకు మొక్క సంగతి ఏం తెల్వదు, నేను పక్కన లేకుంటే ఆ క్లాసు నడ్వది అన్న. సగం నా నోట్‌బుక్ కెల్లే ఎక్కించుకున్నది అని గూడ అన్న. ఆ మేడం పాపం మంచి మనిషి. మనిద్దరం జాన్‌జిగ్రీ దోస్తులం అనుకున్నది, నేను నిన్ను పొగుడుతున్న అనుకున్నది.”

“ఊఁ.”

“తిట్టు! గట్ల ఊఁ అంటవేంది? బుధవారం సంది నాకు అన్నం దిగుతలేదే. నిన్ను చూస్తే మంట, అద్దంల నన్ను చూసుకుంటే అంతకంటె ఎక్కువ మంట. ఇన్ని దినాల సంది నా ఎదురుంగ కూసున్నవ్, ఒక్క మాటన్న అడగకపోతివి.”

“అడగనీకి నాకు మొకముండాలె గదా.”

“నీకేమైందే? నువ్వు నా గురించి మంచిగ చెప్పినవ్, గందుకనే నా పేరు నీ పేరు పక్కన ఆ గీతల ఉన్నది. నువ్వు దేవుని బిడ్డవే లిదియా. నేను లోపటికి రాను. నువ్వే పోయి అడుగు, నీ ఒక్కదానికి ఆ పోస్టు ఇయ్యమని. కావాలంటే నేను కాగితం మీద రాసిస్త.”

“బండి స్టాండెయ్ అనూ.”

“రానన్న గదా.”

“నాకు నీకంటె ఒక దినం ముందుగాలనే వచ్చింది ఫోన్. మంగళారం. అనూహ్య పాఠం ఎట్ల చెప్తదని అడిగిన్రు.”

“తెలుసు తియ్. మంచిగ చెప్తదని అన్నవ్.”

“నేను దేవుని బిడ్డను గాదే అనూ.”

“మరేమన్నవ్?”

“పువ్వు వాళ్ల బాపుది, పాఠం మా అమ్మది, నడుమ ఆమెదేమున్నది అన్న.”