రాత్రి తరుగు

పొద్దున్న ఆరున్నర. పెరట్లో కొత్తగా కట్టిన ఈతకొలను గట్టు మీద ఇద్దరు: నీళ్ళు పరీక్ష చేయడానికి వచ్చిన పెద్దాయన, ఆ ఇంటి కోడలు.

"కాకులేమో బాబాయ్ గారూ."

"కాకులా?"

"పొద్దున్నే వస్తాయి. గట్టు మీద వాలి తాగుతాయి. నేను చూశాను."

"కాకి ఎంత తాగితే ఇంత తగ్గాలమ్మా? ఊళ్ళో కాకులన్నీ వచ్చి మునకలేసినా ఇంత తగ్గదు. ఇదిగో, గొట్టం చూడండి. నిన్న సాయంత్రం ఈ చుక్కలే వేస్తే ముదురు గులాబీ రంగు వచ్చింది, అంటే క్లోరిన్ మూడు. ఇప్పుడేమో రంగు ఉందా లేదా అన్నట్టుంది. క్లోరిన్ ఒకటి కూడా లేదు."

"ఎండకి పోతుందని మీరేగా చెప్పారు."

"పగలు పోతుంది. రాత్రి ఎండెక్కడిదమ్మా? అందుకేగా సాయంత్రం ఓసారి, పొద్దున్న ఎండ రాకముందు ఓసారి చూసేది. చీకట్లో క్లోరిన్ దానంతటది ఎక్కడికీ పోదు. ఏదో ఒకటి తినాలి."

"నాచు?"

"నాచుని మూడు నెలల కిందే చంపేశాం. మందు దండిగా వేసి, మూడు రోజులు ఎవర్నీ దగ్గరికి రానివ్వకుండా. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. నాచు కాదు."

"మరి ఆకులు..."

"ఆకులు లేవు, వాన లేదు, కాకులు లేవు. అమ్మా, కాస్త వంగి చూడండి. వాసన వస్తోందా?"

"క్లోరిన్ వాసన. ఎక్కువైందేమో?"

"అందరూ అలాగే అనుకుంటారు. మందు ఎక్కువైతే వచ్చే వాసన కాదిది. మనిషి చెమట తగిలి ఖర్చయిపోయిన మందు వాసన. ముప్ఫై ఏళ్ళ నుంచి ఇదే పని నాది. రాత్రి ఈ నీళ్ళల్లో మనిషి దిగారు."

"మా ఇంట్లో ఎవరికీ ఈత రాదు."

"ఈత వచ్చా అని నేనడగలేదు. మీ జడ తడిగా ఉంది."

"తలస్నానం చేశాను."

"నిన్న పొద్దున్నా తడిగానే ఉంది. మొన్నా అంతే."

"రోజూ చేస్తాను. తప్పా?"

"తప్పని ఎవరన్నారమ్మా? నా తంటా నాది. కొత్త కొలను, ఇంకా గ్యారంటీలో ఉంది. రాత్రి పూట ఇంత తరుగు రెండు నెలలు దాటితే కంపెనీకి కాగితం నింపి పంపాలి. అందులో 'కారణం' అని ఒక గడి ఉంది. అది నింపి పంపితే ఎల్లుండి వచ్చి మెషీన్ బిగిస్తారు. అది రాత్రింబవళ్ళు కొలుచుకుంటూ, తగ్గిందంటే దానంతటదే మందు వేస్తుంది. ఇక తగ్గడమనేదే ఉండదు."

"అసలు తగ్గదా?"

"ఎప్పుడు చూసినా రెండుకీ మూడుకీ మధ్యే. మీకూ నిశ్చింత, నాకూ నిశ్చింత."

"వద్దు."

"ఏం?"

"మెషీన్ వద్దు బాబాయ్ గారూ. ఆ కాగితం పంపకండి."

"పంపకపోతే నా ఉద్యోగం... ఉండండి, మీ ఆయన లేచినట్టున్నారు. కిటికీ తీశారు."

"పెద్దాయనా! ఇవాళ ఎంత?"

"చెప్పండి బాబాయ్ గారూ. ఉన్నదే చెప్పండి."

"సున్నా పాయింట్ ఎనిమిది సార్!"

"నిన్న మూడు కదా? అంటే రెండు పైనే! వచ్చిందన్నమాట! ఏమోయ్, విన్నావా? రాత్రి వచ్చింది! టిఫిన్ పెట్టు, తినేసి షాపుకి వెళ్తాను!"

"కిటికీ వెయ్యండి, చలిగాలి! వస్తున్నా!"

"ఎవరమ్మా వచ్చింది?"

"వాళ్ళమ్మ."

"పెద్దావిడా? ఆవిడ పోయి..."

"నాలుగు నెలలు. అలా చూడకండి. ఆయనకి పిచ్చి లేదు."

"నేనలా అన్లేదమ్మా. ఆవిడ నాకు తెలియకపోవడమేమిటి? గుంట తవ్వినన్నాళ్ళూ ఇక్కడే కుర్చీ వేయించుకుని కూర్చునేది. మెట్లు ఎత్తుగా పెట్టారని నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. 'ఇవి మెట్లా, మేడ గోడలా? నా మోకాళ్ళు నీకు అరువివ్వనా, ఎక్కి చూపిస్తావా?' అంది. రెండోసారి కట్టించాం."

"డాక్టరు నీళ్ళల్లో నడవమన్నాడు. నేల మీద ఇక ఆ మోకాళ్ళు నడవలేవన్నాడు. అందుకే ఆయన ఇదంతా కట్టించారు. నీళ్ళు పెట్టడానికి పదకొండు రోజుల ముందు పోయింది."

"తెలుసు."

"ఆ తర్వాత ఆయనెలా ఉన్నారో మీకు తెలీదు. షాపు తెరవలేదు. కళ్ళజోళ్ళకి వచ్చినవాళ్ళు తిరిగి తిరిగి విసిగిపోయారు. పిలిస్తే పలకరు, పెడితే తినరు. నేను విధవరాలినై పోతానేమోనని భయం వేసింది, నిజం చెప్తున్నాను. ఓ పొద్దున్న మీరొచ్చి, 'రాత్రి రెండు తగ్గిందేమిటి సార్, ఎవరైనా దిగారా' అని అడిగారు. గుర్తుందా?"

"అడిగాను. రెండు నెలలైంది."

"మీరు వెళ్ళాక ఆయన నవ్వారు. 'మా అమ్మ దిగి ఉంటుంది' అన్నారు. ఆ పూట కంచం ఖాళీ చేశారు. అప్పటి నుంచి పొద్దున్న లేస్తే మొదటి మాట అదే. ఎంత తగ్గింది, ఎంత తగ్గింది. తగ్గితే తింటారు, షాపుకి వెళ్తారు, నాతో మాట్లాడతారు. మీరు మెషీన్ పెట్టారనుకోండి..."

"దిగేది మీరేగా అమ్మా? నేనెవరికీ చెప్పను."

"నేనే."

"పక్కన పడుకునే మనిషికి తెలీదూ?"

"నిద్రమాత్ర వేసుకుంటారు. పిడుగు పడినా లేవరు."

"ఆయన కోసమే దిగుతున్నారన్నమాట."

"ఇప్పుడు ఆయన కోసమే. మొదటిసారి దిగింది ఆయన కోసం కాదు. బాబాయ్ గారూ, కొలనుకి అతికించడానికి తెచ్చిన ఆకుపచ్చ పలకలు మీకు గుర్తున్నాయా?"

"వెనక్కి పంపినవా?"

"నేనే పంపించాను. నాచు రంగులో ఉన్నాయి, నాకు నచ్చలేదు, నీలంవి కావాలన్నాను. అవి రావడానికి పదిహేను రోజులు పట్టింది. అత్తయ్య అంటూనే ఉంది, 'ఏమే, నేనేమైనా రంగు చూసి దిగుతానా, ఏదో ఒకటి అతికించమను' అని. నేను వినలేదు. ఆ పదిహేను రోజులూ ఆపకపోతే ఆవిడ దిగేది. నాలుగు రోజులైనా నొప్పి లేకుండా నడిచేది. ఆయన ఇప్పటికీ ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది."

"అది మీ చేతుల్లో ఉందా అమ్మా? ఎవరికి తెలుసు..."

"నాకు తెలుసు. ఆ పలకలు చూస్తే నా మీద నాకే అసహ్యం. అందుకే దిగాను. ఆవిడ దిగాల్సిన మెట్లు దిగి, ఆవిడ నడవాల్సినట్టే ఆ చివర్నుంచి ఈ చివరికి నడిచాను. ఏడుస్తూనే నడిచాను. ఆ పొద్దున్నే మీరు రెండు తగ్గిందన్నారు, ఆయన నవ్వారు. ఇక మానలేకపోయాను."

"అబద్ధం మీద ఎన్నాళ్ళు నిలబెడతారమ్మా మనిషిని?"

"నిలబడినన్నాళ్ళు. అయినా ఆ మాట మీరు అనకూడదు. మీరూ కలిశారుగా ఇందులో."

"నేనా?"

"ఊరుకోండి బాబాయ్ గారూ, నా దగ్గర దాపరికమెందుకు? పోయిన వారం మీరు చేసిన సాయానికి దణ్ణం పెడదామని ఎన్ని రోజులుగా అనుకుంటున్నానో."

"ఏం సాయం?"

"శుక్రవారం, శనివారం, ఆదివారం. మేమిద్దరం మా ఆడపడుచు ఇంటికి వెళ్ళాంగా. వెళ్ళానన్న మాటే గానీ గుండె పీచుపీచుమంటూనే ఉంది. నేను లేకపోతే తగ్గదు, మీరు లెక్క రాసే పుస్తకంలో సాయంత్రం మూడూ, పొద్దున్న మూడూ అని ఉంటుంది, అది చూసి ఈయన మళ్ళీ మంచమెక్కుతారు అని. తిరిగి రాగానే ఇంటి తాళమైనా తీయకుండా పంపు గదిలోకి పరిగెత్తారు, మేకుకున్న పుస్తకం తీశారు. చూస్తే మూడు రోజులూ తగ్గించి రాసి పెట్టారు మీరు. మీకంతా తెలిసిపోయిందని, మా కోసమే అలా రాశారని అప్పుడే అర్థమైంది."

"ఊళ్ళో లేరా మీరు?"

"అదేమిటి? తెలుసుగా మీకు."

"నాకెవరు చెప్పారమ్మా? పక్క గేటు తాళం నా దగ్గరుంది. వస్తాను, నీళ్ళు చూస్తాను, పోతాను. ఇంట్లోకి తొంగి చూసే అలవాటు లేదు నాకు."

"కొలను మీద కవరు వేసి వెళ్ళానుగా!"

"వాన వస్తుందని వేశారనుకున్నాను. రెండు పూటలా నేనే ఓ మూల విప్పి నీళ్ళు తీసి, మళ్ళీ నేనే ముడివేసి వెళ్ళాను. పొద్దున్న వచ్చేసరికి నేను వేసిన ముడి వేసినట్టే ఉంది."

"మరి ఆ అంకెలు?"

"కళ్ళతో చూడని అంకె ముప్ఫై ఏళ్ళలో ఎప్పుడూ రాయలేదమ్మా నేను. మీరు దిగిన రోజుల్లో రెండు తగ్గుతుంది. ఆ మూడు రోజులూ మూడుకి మూడూ పోయింది. గొట్టంలో రంగే రాలేదు. చుక్కల మందు పాతబడిందేమోనని కొత్త సీసా విప్పి మళ్ళీ చూశాను. రాలేదు. అమ్మా, ముందు కూర్చోండి. ఆ గట్టు మీద కాదు, ఇటు. సార్‌ని పిలవనా?"

"వద్దు."

"ఇప్పుడు ఈ కాగితం... నాకూ తోచడం లేదు. మెషీన్ ఎల్లుండే పెట్టించేస్తాను. మీరు రాత్రిళ్ళు ఇక్కడికి రాకండి."

"మెషీన్ వద్దు. రాత్రిళ్ళు మాత్రం రాను, మీరు చెప్పినందుకు కాదు. అత్తయ్యకి సిగ్గు బాబాయ్ గారూ. ఆస్పత్రిలో నర్సు ఒళ్ళు తుడవడానికి వస్తే నన్ను కూడా బయటికి పంపించేసేది. రెండు నెలలుగా రోజూ నేనొచ్చి ఈ నీళ్ళల్లో ఉంటే ఆవిడెలా దిగుతుంది?"