రెండుసార్లు పోయినోడి పెళ్ళాం

"మామ్మా, ఆనందపురం దారిలో ఫ్లెక్సీ మీదున్న స్వామీజీ మనకి చుట్టమేనట కదా?"

సుట్టమేటే గుంటా, నా సొంత తమ్ముడు. నా తరవాత పుట్టినోడు. ఆ ఫోను ఇలా దగ్గిరికెట్టు, రికార్డులో నా గొంతు ఇనబడద్దా? ఆఁ. శ్రీశ్రీశ్రీ నిశ్చింతానంద అని రాసినారు కదా దాని మీద? మేం అప్పల్రాజు అనీవోల్లం. సరైన పేరే పెట్టినార్లే. ఆడికి పుట్టినకాణ్ణించి ఏ సింతా నేదు. సింతంతా ఆడి పెళ్ళానిదే.

పోర్టులో కళాసీ ఉజ్జోగం. మీ తాత ఆల్లకాళ్ళూ ఈల్లకాళ్ళూ పట్టుకుని ఏయించినారు. పొద్దుటి షిఫ్టుకి ఆడు లెగిస్తే ఒట్టు. సిమ్మాసెలం, అదే నా మరదలు, ఆడి పెళ్ళాం, మొకాన నీళ్ళు కొట్టి లేపీది. తరవాత్తరవాత భక్తులు ఏటనీవోరో తెలుసా? స్వామి నిద్రని జయించీసినారు అని! నిద్దరే ఆడిని జయించినాదే, నాను సూసినాను కదా.

అది తొంబైల్లో మాట. వన్ టౌన్లో సత్రంలోకి ఓ కాసాయబ్బట్టలాయన దిగినాడు. ఈడు డ్యూటీ ఎగ్గొట్టి ఆయన కాళ్ళు ఒత్తీవోడు. ఇంట్లో పెళ్ళానికి జొరమొస్తే గ్లాసుడు నీళ్ళియ్యనోడు! ఓ రోజొచ్చి, అక్కా, సన్నేసం పుచ్చుకుంతన్నాను అన్నాడు. అప్పటికి ఆడి కూతురు ఇంకా బళ్ళో కూడా సేరనేదు. సన్నేసానికి పెళ్ళాం ఒప్పుకోవాలంట, రూలంట. గురువు తరపున ఇద్దరొచ్చి అడిగితే సిమ్మాసెలం సేపలు తోముతన్నాది. తలెత్తకుండానే, "ఉండి మాత్రం ఏటి సేసినాడు, ఎల్లమనండి" అన్నాది. అమ్మ సంతోసంగా ఒప్పుకున్నాది అని ఎల్లి సెప్పుకున్నారు.

సన్నేసం అంటే ఊరికే గుడ్డ మార్సీడం అనుకున్నావేటి? ముందు సచ్చిపోవాలి. అంటే నిజంగా కాదు, బతికుండగానే తన పిండం తనే ఎట్టుకోవాలి. భీమిలి కాడ సముద్రం ఒడ్డున గుండు గీయించుకుని, తనకి తనే ముద్దలెట్టీసుకున్నాడు. అప్పల్రాజు పోయినాడు, ఇక మీకూ ఈయనకీ రునం తీరిపోనాది అన్నాడు గురువు. అక్కడే నిలబడి ఉన్నాది సిమ్మాసెలం, మెళ్ళో పుస్తెలు, నుదుట బొట్టు. మరి దీన్నేటనాలి? ముండమోపా, ముత్తైదువా? ఎవుల్నడిగినా ఆకాసంలోకి సూసీవోల్లే.

అది ఎవుల్నీ అడగనేదు. రూపాయి కాసంత బొట్టెట్టుకుని గోపాలపట్నంలో ఇడ్లీ బండి ఎట్టీసినాది. ప్లేటు రెండ్రూపాయలు అప్పుడు, ఇప్పుడు ఆ డబ్బుకి సెట్నీ కూడా రాదు. ఆ బండి మీదే కూతురు గుంటని సదివించినాది, పెద్దదాన్ని సేసినాది, స్టీలు ప్లాంటులో పన్జేసే కుర్రోడితో సమ్మందం కుదుర్సుకున్నాది. మంచి కుర్రోడే. కాసింత నలుపు.

ఈలోగా ఇక్కడ, ఆనందపురం తోటలో ఆశ్రమం ఎట్టుకున్న స్వామికి సుగరు. రాదేటి మరి, వొచ్చినోడల్లా లడ్డూల బుట్ట తెచ్చీవోడు, ఎవులు తెచ్చింది తినకపోయినా ఆల్లకి కోపం. మందులేసుకోరా తమ్ముడూ అంటే, "అక్కా, అందరి రోగాలకీ నాను ఇబూది ఇత్తన్నాను, నాకే రోగం అంటే ఎవులొత్తారు?" అన్నాడు. అక్కడ నవ్వినాను. ఇంటికొచ్చి ఏడిసినాను. తరవాత మాత్రలు పొడి సేసి, ఇబూది పొట్లంలా కట్టి అట్టుకెళ్ళీదాన్ని. కొన్నాళ్ళు తిన్నాడు. ఆశ్రమానికి మేనేజరొకడు ఉండీవోడు, ముందర ఇసక కాంట్రాక్టులు సేసినోడు, ఆడు నన్నూ రానివ్వడం మానీసినాడు. పూర్వాశ్రమం వోల్లు రాకూడదంట.

కాలికి పుండు పడినాది. రోజూ పాదపూజ సేసీవోల్లు, ఆ కాలికే పూలెట్టీవోల్లు, పుండు మాత్రం ఒక్కడికీ కనబడనేదు. దాంతోటే పోనాడు. ఆల్లేమో కపాలంలోంచి జోతి ఎల్లిపోనాది అన్నారు.

కబురొచ్చేసరికి గుంట పెళ్ళికి పందిరి రాటలు పాతీసి ఉన్నాయి. మా పెత్తల్లి సూరమ్మ లెగిసినాది. మొగుడు పోయినాడు, మైల, పెళ్ళి ఆపండి, సిమ్మాసెలానికి గాజులు పగలగొట్టాలి, బొట్టు సెరపాలి, ఏడాది దాకా ఈ ఇంట్లో సుబం నేదు అన్నాది. పెళ్ళివోరు ఏడాది ఆగుతారేటే? ఆల్లు అప్పుడే ఇంకో సమ్మందం ఎతుకుతారు. సిమ్మాసెలం కొంగు దోపి లెగిసినాది. "పదండత్తా, ముందు సూసొద్దాం" అన్నాది.

ఆటోలు కట్టించుకుని ఎల్లినాం. సన్నేసుల్ని కాల్సరు కదా, కూసోబెట్టి ఉప్పేసి పూడుత్తారు. మెడ వాలిపోకుండా ఎనకాల కర్ర కట్టి, అది కనబడకుండా దండలేసినారు. నా తమ్ముడి మొకం ఒక్కసారి ముట్టుకుందామని ఎల్తే, మేనేజరు మైకు సేత్తో పట్టుకునే అడ్డొచ్చినాడు. "దూరం అమ్మా, దూరం. స్వామివారికి బంధాలు లేవు." అక్కని నాను!

సిమ్మాసెలం ముందుకొచ్చినాది. "మరి నాను ఏటవుతాను బాబూ?"

"ఏమీ అవరమ్మా. స్వామివారికి భార్య లేదు, సంతానం లేదు."

"మైలో?"

"సన్యాసి పోతే ఎవరికీ మైల ఉండదు. స్నానం చేస్తే చాలు."

"ఆ మాట మైకులో సెప్పు బాబూ. మావోల్లు ఎనకాలున్నారు, పెద్దోల్లు, సరిగ్గా ఇనబడదు."

ఆడి బయం ఆడిది, తోటలో వాటాకొత్తామేమోనని. సంబరంగా సెప్పీసినాడు మైకులో, ఒకటికి రెండుసార్లు. భక్తులందరూ గోవిందా అన్నారు కూడాను! సిమ్మాసెలం ఎనక్కి తిరిగి, "ఇన్నావా సూరమ్మత్తా? నాకూ ఈ స్వామికీ ఏటీ కాదంట. నా మొగుడు భీమిలి కాడే పోనాడంట. అప్పుడు తియ్యని గాజులు ఇప్పుడెందుకు?" అన్నాది. సూరమ్మ ఎల్లి ఆటోలో కూకున్నాది.

పెళ్ళి పెట్టిన ముహూర్తానికే సేసినాం. పీటల మీద మీ తాతా నానూ కూకున్నాం. సిమ్మాసెలం అల్లుడికి హారతిచ్చినాది. గుసగుసలంతావా, అయి ఎక్కడ నేవు?

పిల్లనంపీసినాక సూత్తే, అది పందిరెనకాల వంటల గుండిగ బోర్లించుకుని కూకున్నాది. "వదినా, గుంట ఎల్లిపోనాది కదా. ఇప్పుడు ఏడవొచ్చా?" అన్నాది.

అదేటే అన్నాను.

"పిండం ఎట్టుకున్న రోజు ఏడిత్తే ఆడి సన్నేసం సెడిపోద్దన్నారు. మొన్న ఏడిసుంటే దీని పెళ్ళి సెడిపోయీది. ఆడు నా మొగుడే కదొదినా."

ఏడవే అన్నాను. ఇంకేటనను? ఇద్దరం అక్కడే కూకుని ఏడిసినాం, దాని మొగుడికి అది, నా తమ్ముడికి నాను. తెల్లారి మల్లా బొట్టెట్టుకుని బండి కాడికి ఎల్లిపోనాది.

ఏటే, నీ కళ్ళు సెమ్మగిల్లినాయి? సల్లగుండు తల్లీ, నూరేళ్ళుండు. ఏడుపొచ్చిన్నాడే ఏడిసీ. ఎవుల్నీ అడక్కు... సాల్లే, ఆపీ ఆ ఫోను.