సుచిత్ర దాంక ఇంగ్లీషే

ఏందే పొల్లా, గోడతోని మాట్లాడుతున్నవ్? పొద్దుగాల్లకెల్లి సూస్తున్న, గా ఫోను ముంగట పెట్టుకొని ఏందేందో అంటున్నవ్, చేతులు ఊపుతున్నవ్, మల్ల నీకు నువ్వే తలకాయ ఆడిస్తున్నవ్. నాకైతే పరేషాన్ అయితాంది. ఏంది? గ్రూప్ డిస్కషనా? ఓహో, కొలువుకా. టాపిక్ ఏమిచ్చిండ్రు? సోషల్ మీడియానా? మంచిది, గట్టిగనే సదువు, నాకేం అడ్డం లేదు. గీ చిక్కుడుకాయ ఈనెలు తీసుకుంట ఇంట. గియ్యన్ని మన ఇంట్ల కొత్త గాదు. మీ అమ్మ గూడ గిట్లనే గోడకు చెప్తుండె. గీ గోడ గాదులే, అప్పుడు మనకు రైలు పట్టాల దిక్కు రేకుల ఇల్లుండె. ఏంది గట్ల సూస్తున్నవ్? నీకెవ్వలు చెప్పలేదా? అవు, ఎవ్వలు చెప్తరు? మీ బాపు లారీ మీద పోతే నెలకోసారి ఇంటికొచ్చెటోడు, గాయినెకే సగం తెల్వదు. నీకు మూడేండ్లు నిండలే గప్పుడు. కూసో, ఇటు కూసో. ఫోను పక్కకు పెట్టు.

మీ అమ్మ సరళ ఇంటర్ పాసైంది. మా ఇండ్లల్ల ఇంటరంటే మాటలా? మీ తాత లింగం శామీర్‌పేట చెరువుల వల ఏసెటోడు, నేను గంప నెత్తిన పెట్టుకొని మేడ్చల్ గల్లీలల్ల తిర్గి అమ్మెటిదాన్ని. మా ఇద్దరిది ఏలిముద్రే. దీనికేమో జీడిమెట్లల మందుల కంపెనీల కొలువు దొర్కింది. పేరెందుకులే, గది ఇప్పుడు లేదు గూడ. కొలువంటే కుర్సీల కూసునే కొలువు గాదు. లోపల సెక్షన్ల పని. ముక్కుకు గుడ్డ కట్టుకొని డ్రమ్ములల్ల పొడి పొయ్యాలె. ఇంటికొచ్చి నెత్తి కడిగినా గా వాసన పోకపోతుండె. వాసన సంగతి శాపలమ్మెటిదానికి ఎవ్వలు చెప్పాలె చెప్పు? నేనే ముక్కు మూసుకునేదాన్ని. ఇగ దానికి ఒక్కటే తపన. సెక్షన్లకెల్లి బయటపడాలె, మీద ఆఫీసుల కాయితాల పని చెయ్యాలె. గా పనికేమో ఇంగ్లీషు గావాలె. బయటి దేశాలోళ్లు తనిఖీకొస్తరంట, వాళ్లడిగినదానికి జవాబు చెప్పాలెనంట. "అమ్మా, ఇంగ్లీషొస్తే నా ఊపిరి నాకు మిగుల్తదే" అనేది. గదే మాట అన్నది, నేను కల్పించి చెప్తలేను.

కంపెనీ బస్సుల భాస్కర్ అని ఒక పిలగాడు వస్తుండె, ల్యాబుల పని చేసెటోడు. సన్నగ, పొడుగ్గ, మాటలల్ల మస్తు హుషారు. గాయినె ఒక కాయిదా, గదే రూలు, పెట్టిండు. బస్సు మేడ్చల్ల కదిలిందంటే సుచిత్ర చౌరస్తా దాంక ఇంగ్లీషే. ఎవ్వల నోట తెలుగు మాట జారినా, వాళ్లు లేచి కొంపల్లి దాంక నిలబడాలె. "నో తెలుగు, నో ఉర్దూ, ఓన్లీ ఇంగ్లీష్!" అని డ్రైవర్ ఎన్క నిలబడి ఒర్లేటోడంట. మీ అమ్మ గాయినె లెక్కనే గొంతు పెట్టి చేసి చూపెడ్తుండె, నేను నవ్వి నవ్వి సచ్చేదాన్ని. రోజుకొక టాపిక్. మాడ్రన్ ట్రెండ్స్ అనేది దాని పేరు. ఒకనాడు సెల్ ఫోన్లంట, ఒకనాడు షాపింగ్ మాళ్లంట, ఒకనాడు పెండ్లి గాకుండనే కలిసుండుడంట. గది ఇన్ననాడు నేను గంప కింద పడేసిన, ఏం కంపెనీనే గది అని. అందరు ఒక్కొక్క పెద్ద మాట నేర్సుకొని రావాలె, మాట్లాడేటప్పుడు గా మాట మధ్యల పెట్టాలె. గదీ ఆట.

మాట పెద్దది దొర్కుతది, మాట్లాడనీకి సంగతి యాడకెల్లి రావాలె? గందుకు పొద్దూకంగ అంట్లు తోముకుంట నన్ను అడుగుతుండె. "అమ్మా, రేపు ఉమ్మడి కుటుంబాలు ఎందుకు ఇడిపోతున్నయి అన్నది టాపిక్, నువ్వేమంటవే?" నేనేమంట? మా గల్లీల గండయ్య కొడుకుల సంగతి చెప్పిన. అన్నదమ్ములు కొట్లాడి వంటింటి నడ్మల ఇటుకల గోడ కట్టుకున్నరు. పొయ్యి ఒకని దిక్కు పడ్డది, గిన్నెలు ఒకని దిక్కు పడ్డయి. "గోడకు ఒక కన్నం పెట్టుండ్రిరా, నాకు కూర దాంట్లకెల్లి ఇయ్యుండ్రి" అన్నడంట గండయ్య. మీ అమ్మ గా ముచ్చట మొత్తం ఇంగ్లీషుల చేసి బస్సుల చెప్పింది. బస్సంత నవ్విండ్రంట. భాస్కర్ చప్పట్లు కొట్టిండంట. నా బిడ్డ ఇంటికొచ్చి, "అమ్మా, నీ ముచ్చట ఇయ్యాల ఇంగ్లీషుల జీడిమెట్ల పోయిందే" అన్నది. గప్పటిసంది నాకు గూడ షౌక్ వట్టుకుంది. శాపలమ్ముకుంట ఏదన్న కొత్త సంగతి ఇంటే దాని కోసం దాసుకొని తెచ్చేదాన్ని. కొంపల్లిల కుక్కలకు గూడ బట్టలు కుట్టిస్తున్నరని నేనే చెప్పిన. నవ్వు, నవ్వు. గది గూడ ట్రెండే అన్నది మీ అమ్మ.

ఆఁ, ఏం చెప్తున్న... ఆఫీసు. అయింది బిడ్డా, దొర్కింది. పరీక్ష పెట్టిండ్రు, ముగ్గుర్ల ఇది ఒక్కతే నెగ్గింది. మీదికి తీస్కున్నరు, కుర్సీ ఇచ్చిండ్రు, ఫ్యాను కింద. గా దినం నన్ను వట్టుకొని రెండు సుట్లు తిప్పింది వాకిట్ల. నువ్వు మా కాళ్లల్ల పడి ఏడ్సినవ్. గా కుర్సీల ఎన్ని దినాలు కూసున్నది? దసరాకు ఎక్కింది, చలి ముదరకముందే దగ్గు వట్టింది. అంతకుముందుకెల్లి ఉన్నదే, మాకు చెప్పకపాయె. గా పొడో, మా నుదుటిరాతో, ఎవల్ని అందాం? పట్నంల పెద్ద దవాఖానల ఏసినం.

దవాఖానల గూడ ఊకె ఉన్నదా? గా డాక్టర్లు వస్తరు, మంచం కాడ నిలబడతరు, వాళ్లల్ల వాళ్లు ఇంగ్లీషుల మాట్లాడుకొని పోతరు. మనకు చెప్పేది "గోలీలు ఏస్కో" అన్న ఒక్క ముక్క. వార్డుల అందరు ఆడోళ్లే, అందరు మా అసొంటోళ్లే. పక్క మంచం మీద జహేదా అని బౌరంపేట్ ఆమె ఉండె, నా అంత వయసు. డాక్టర్ అటు తిర్గంగనే "క్యా బోలే బేటీ?" అని మీ అమ్మను అడిగేది. మీ అమ్మ చెప్పేది. ఇగ ఆ మంచపామె, ఈ మంచపామె, అందరు "సరళా, నా గురించి ఏమన్నడు? సరళా, నాకు కోత పెడ్తరా?" అని. దమ్ము లేకున్నా అందరికి చెప్పేది, నవ్వుకుంట చెప్పేది. నాకు మస్తు గర్వమనిపించేది బిడ్డా. బస్సుల నేర్సుకున్నది ఇంతమందికి అక్కరకొస్తాంది గద అని.

ఒకనాడు పెద్ద డాక్టర్ వచ్చిండు, ఎన్క నలుగురు చిన్న డాక్టర్లు. ఎక్స్‌రే ఫొటో ఎలుగుకు పట్టి సూసుకున్నరు, శానా సేపు మాట్లాడుకున్నరు, మాకేం తెల్సులే అని. నేను మీ అమ్మ మొఖమే సూస్తున్న. మొఖం ఏం మారలే. అంతా ఇన్నది. వాళ్లు పోబోతుంటె "ఎక్స్‌క్యూజ్ మి సర్" అన్నది. గాయినె ఆగిండు. ఇగ మొదలుపెట్టింది సూడు! దమ్ము సాలకుంటె ఆగుడు, మల్ల అనుడు, ఒక్క తెలుగు మాట జారలే. జహేదా లేచి కూసున్నది. కాకిపిల్ల కాకికి ముద్దు అంటరు, గని గాదు, నిజంగనే గా డాక్టర్ నోరు తెర్సి ఇన్నడు. గా మాటలల్ల నాకు 'మదర్' అన్నదొక్కటి తెల్సింది. నా దిక్కు చెయ్యి పెట్టి అన్నది. ఓహో, మా అమ్మ శాపలమ్మి నన్ను సదివించింది అని చెప్తాంది అనుకున్న. లేసి, కొంగు సర్దుకొని, గాయినెకు నమస్తే పెట్టిన. గాయినె నా మొఖం సూడలే. పెద్దోళ్లు గంతేలే అనుకున్న. "ఏమన్నడే?" అంటే, "ఎల్లుండి ఇంటికి పంపుతడంటమ్మా, ఇంటికాడ మంచిగ తినుమన్నడు" అన్నది.

ఎల్లుండే పంపిండ్రు. నేను ఆటోల కూసొని మేడ్చల్ దాంక నవ్వుకుంటనే వచ్చిన. గల్లీల ఇంటింటికి చెప్పిన, నా బిడ్డ పెద్ద డాక్టర్‌తోని బరాబరి ఇంగ్లీషుల ఎట్ల మాట్లాడిందో నిలబడి చేసి చూపెట్టిన, ఒక్క మాట రాకున్నా టస్సుపుస్సుమని. మీ అమ్మ మంచంల పండుకొని సూసి నవ్వేది. చిన్న శాపల పులుసు అడిగింది, చేసి పెట్టిన, రెండు బుక్కలు తిన్నది. నిన్ను పక్కల ఏసుకొని ఏబీసీడీలు చెప్పేది. నెల తిర్గలే. ఒకనాడు పొద్దుగాల నువ్వు దాని రొమ్ము మీద చెయ్యేసి పండుకొని ఉండంగనే పోయింది. బాగైంది అన్నరు గద, ఎట్ల పోయింది అని నేను డాక్టర్లను తిట్టని తిట్టు లేదు.

యాడాది దాటినంక అల్వాల్ అంగట్ల శాపలు పెట్టుకొని కూసున్న. ఒకామె బేరం చేసుకుంట నన్ను సూసి ఆగింది. గా వార్డుల నర్సమ్మ. "సరళ వాళ్ల అమ్మవు గద?" అన్నది. నేను తిట్లే మొదలుపెట్టిన, మంచిగైందని చెప్పి పంపి నా బిడ్డను సంపిండ్రు అని. ఆమె తక్కెడ పక్కకు జరిపి నా చెయ్యి వట్టుకున్నది. "లేదవ్వా. ఇగ ఏం చేసినా లాభం లేదని ఆ దినం డాక్టర్లు మాట్లాడుకున్నరు. ఆమెకు అంతా అర్థమైంది. ఆమెనే అడిగింది, నన్ను ఇంటికి పంపుండ్రి సార్, మా అమ్మకు మాత్రం చెప్పకుండ్రి, నేను ఉన్నన్ని దినాలు మా అమ్మ నవ్వుకుంట తిర్గాలె అని." గదీ, గంత పొడుగు ఇంగ్లీషు.

నేను తిర్గిన గద బిడ్డా. ఉన్నన్ని దినాలు నవ్వుకుంటనే తిర్గిన.