ఖాసింబీ ఖాలా టీకా బుక్కు

"తాతా, గీ పసుపుపచ్చ బుక్కు చూసి నవ్వుతున్నవేంది? మీ కాలంల గూడ ఉండెనా గిసొంటిది?"

ఉండె బిడ్డా. ఇటు తే, సూస్త. అద్దాలు ఏడ పెట్టిన్నో... నెత్తి మీదనే ఉన్నయా, సరే. అగో, అదే రంగు. గిట్లనే ముద్ర గుద్దే జాగ, గిట్లనే డాక్టరు సంతకం. యాభై ఏండ్లాయె, బుక్కు మాత్రం మారలే. నువ్వంటే ఆఫ్రికల బొగ్గుబాయి ఇంజనీరు నౌకరికి పోతున్నవు కాబట్టి జ్వరం టీకా అడిగిండ్రు. నీ అసొంటి ఆడపిల్లను బాయి లోపలికి రానియ్యని రోజులు నాకెరుక. ఎందుకు రానియ్యరని అడిగితే జవాబు చెప్పెటోడు లేకుండె. సరే, అది వేరే లొల్లి. దాని మీదికి పోతే ఇయ్యాల తెగది.

బుక్కు ముచ్చట కదా అడిగినవు. మా గుడిసెల లైనుల ఆ బుక్కు మొదట పట్టింది ఖాసింబీ ఖాలా, ఖాలా అంటే చిన్నమ్మ అన్నట్టు. నాతోని మొదటి షిఫ్టుల పనిచేసే యాకూబ్ లేడా, వాళ్ల అమ్మ. నువ్వు చూడలేదులే, నువ్వు పుట్టకముందే పోయింది. గోదావరిఖనిల బాయిలు కొత్తగ మోపు అయినప్పుడు మేమందరం బెల్లంపల్లికెల్లి వచ్చినోళ్లం. మా గుడిసె, వాళ్ల గుడిసె నడుమ ఒక్కటే తడిక. నన్ను కన్న మా అవ్వ, ఖాలా బెల్లంపల్లిల పెండ్లి కాకముందుకెల్లి దోస్తులు. బొగ్గులకెల్లి రాళ్లేరే పనికి కలిసే పోయేటోళ్లట. తడిక ఇటు నుంచి మా అవ్వ "ఏమే ఖాసింబీ" అంటే, అటు నుంచి "క్యా గే లచ్చవ్వ" అని జవాబు. మా అవ్వకు ఉర్దూ రాదు, ఖాలా తెలుగు మాట్లాడితే మేం నవ్వేటోళ్లం. వాళ్లిద్దరికి మాత్రం ఎన్నడూ భాషకు తక్కువ కాలే.

ఆమెకు హజ్ పోవాలని పానం. డ్రాల పేరు రావాలె, రెండేండ్లు రాలే, మూడో ఏడు వచ్చింది. అప్పుడు విమానం ఎవలెక్కిండ్రు బిడ్డా, బొంబయిల పడవ ఎక్కాలె. ఆడమనిషి ఒక్కతే పోరాదు, కొడుకు తోడుండాలె. యాకూబ్ సెలవు పెట్టిండు. ఇగ టీకాలు. హైజాకు రెండు సూదులు, అంటే కలరాకు. అవి ముందే అయినయి. తర్వాత పెద్దమ్మవారి టీకా, అదే మశూచిది. అదుంటేనే, డాక్టరు ముద్ర ఉంటేనే పడవ ఎక్కనిస్తరు. లేకపోతే రేవుకాడికెల్లి వాపస్.

ఆ టీకా రోజు నేను గూడ పోయిన. నాగా పెట్టుకొని పోయిన, అప్పట్ల యూనియనోన్ని, ఎవలకు ఆపతి వచ్చినా ముందు నేనుండాలె. సర్కారు దవాఖాన. ఏ ఊరన్నది వద్దులే. డాక్టరు కుర్చీల, ఖాలా పర్దా ఎనక, యాకూబ్ నడుమల నిలబడ్డడు. డాక్టరు అడిగిండు, ఈమెకు ఇంతకుముందు ఎప్పుడన్న టీకా అయిందా అని. యాకూబ్ గాడు ఫట్‌మని "లేదు సార్, ఎన్నడూ లేదు" అన్నడు. డాక్టరు రాసుకున్నడు, మొదటిసారి అని. ఖాలా పర్దా సందుల నుంచి ముంజేయి ఒక్కటే ఇవతలికి పెట్టింది. జబ్బ చూపియ్యది కదా పరాయి మొగోనికి. సరే అని ముంజేతికే గీకిండ్రు. ఎనిమిదో రోజు రాండ్రి, పొక్కు లేస్తది, అది చూసి ముద్ర గుద్దుత అన్నడు.

ఇంటికొచ్చినం. ఇగ మా అవ్వ సంగతి విను. ఆమె లెక్కల టీకా అంటే పోచమ్మ తల్లిని ఒంట్లకు పిలుసుడే. తల్లి వస్తే ఏం చేస్తరు, చల్లగ చెయ్యాలె. తడిక దాటి పోయింది, ఆ ముంజేయి పట్టుకున్నది, యాపాకు నూరి పసుపు కలిపి మంచిగ పామింది. గీకిన మందు తడారకముందే పామింది. రోజుకు రెండుసార్లు. ఖాలా గూడ వద్దనలే, లచ్చవ్వ చేస్తున్నదంటే ఆమెకు దవాఖాన కన్న ఎక్కువ నమ్మకం. నాలుగు రోజులైనా పొక్కు లేదు, జ్వరం లేదు. మా అవ్వ లైనంత చెప్పుకున్నది, సూసిండ్రా, తల్లి ఎంత చల్లగ చూసిందో అని. మేం గూడ సంబరపడ్డం. ఎంత తెలివిగల్లోళ్లమో చూడు.

ఎనిమిదో రోజు డాక్టరు చెయ్యి చూసిండు. పసుపు మరక తప్ప ఏం లేదు. "మందు అంటుకోలేదు. మల్ల ఎయ్యాలె. మల్ల ఎనిమిది రోజులు చూడాలె" అన్నడు. అయిదు రోజులల్ల రైలెక్కాలె బిడ్డా. బొంబయిల ముందుగాల్ల హాజరు కావాలె. ఇగ పడవ పోయినట్టే. మల్ల డ్రాల పేరు ఎన్నడొస్తదో, ఆమె ఉంటదో ఉండదో.

నేను ఊకుంటనా. బల్ల గుద్దిన. ముసలామె మూడేండ్లు ఎదురు చూసింది, నీదేం పోతది, ఒక్క ముద్దరకు ఇంత చేస్తవా అన్న. మంచి డాక్టరే పాపం, ఇప్పుడనిపిస్తది. "అన్నా, నువ్వు అరిస్తే పొక్కు లేస్తదంటే నేను గూడ నీతో కలిసి అరుస్త" అన్నడు.

బయటికొస్తే అక్కడి కంపౌండర్ నన్ను పక్కకు పిలిచిండు. తారీకు ఎనకకు జరిపి రాపియ్యచ్చు, నువ్వేం ఫికర్ చెయ్యకు, జరంత ఖర్చయితది అన్నడు. నిజం చెప్తున్న, నాకు ఆశ పుట్టింది. జీవితమంత లంచం అంటే కొట్లాటకు పోయినోన్ని, ఆ రోజు మాత్రం యాకూబ్ దిక్కు చూసిన. యాకూబ్ నా దిక్కు చూసిండు. ఖాలా చెట్టు కింద కూసున్నది, మా మొఖాలు చూసే తెలుసుకున్నది. "ఝూట్ కాగజ్ లేకో ఖుదా కే ఘర్ కూ జాతుం క్యా రే?" అన్నది. అబద్ధం కాయితం పట్టుకొని దేవుని ఇంటికి పోతనా అని. అంతే, లేచి బస్సు దిక్కు నడిచింది. అప్పుడు బస్సు గోదావరి ఒడ్డు దనుక దుమ్ము... సరే, దుమ్ము సంగతి ఎందుకు.

ఇంటికొచ్చి మా అవ్వకు చెప్పిన. కోపం మీద చెప్పిన, నీ పసుపు వల్లనే ఆమె పోవుడు ఆగిందని. ఆ మాట అనకపోతే బాగుండు. మా అవ్వ చేతిల ఉన్న చాట కింద పెట్టింది. ఆ పూట బువ్వ తినలే. ఖాలానే తడిక దాటొచ్చి "ఖా గే, ముజే గుస్సా నై" అని బతిమాలింది. నాకేం కోపం లేదు, తిను అని.

తెల్లారి డ్యూటీకెల్లి వచ్చేసరికి మా అవ్వ నన్నూ యాకూబ్‌నూ పిలిచి కూసుండబెట్టింది, ఖాలా గూడ పక్కనే ఉన్నది. మల్ల ఎనిమిది రోజులు ఎందుకు చూడాలె అని అడిగింది. మొదటిసారి ఏసుకునేటోళ్లకు పొక్కు చూసినంకనే ముద్ర ఇస్తరు, ఇంతకుముందు ఏసుకున్నోళ్లకైతే ఏసిన దినమే చెల్లుతది, గట్లున్నది కాయిదా అని చెప్పిన.

"దీనికి మొదటిసారని ఎవడు చెప్పిండు?"

"నేనే చెప్పిన చిన్నమ్మా" అన్నడు యాకూబ్.

"నువ్వు పుట్టుటానికి పదేండ్ల ముందటి ముచ్చట నీకెట్ల ఎరుక రా? నీ అమ్మ నీకు చెప్పి ఏసుకోవాల్నా?"

అని తన జబ్బ మీది రవిక పైకి జరిపింది. రెండు గుండ్రటి మచ్చలు, అణా బిళ్లంత. బెల్లంపల్లిల ఒకసారి తల్లి పోసి మస్తు మంది పోయిండ్రట. అప్పుడు టీకాలోళ్లు వచ్చి గల్లీకి అటో మనిషి ఇటో మనిషి నిలబడితే, వీళ్లిద్దరు ఉరికి బొగ్గు కుప్ప ఎనక దాసుకున్నరట. ఖాలాకు తుమ్ము వచ్చింది. ఇద్దరూ దొరికిండ్రు. ఒకే దినం, ఒకళ్ల తర్వాత ఒకళ్లకు గీకిండ్రు. "దీనివల్లనే నాకు గూడ పడ్డయి" అని ఖాలా దిక్కు చెయ్యి చూపింది మా అవ్వ.

యాకూబ్ వాళ్ల అమ్మ దిక్కు తిరిగి "ఎందుకు చెప్పలే అమ్మీ?" అన్నడు.

ఖాలా అన్నది బిడ్డా, నాకు ఇప్పటికీ చెవులల్ల ఉన్నది. "ముజే పూఛే కౌన్?" నన్ను అడిగిందెవలు? అంతే. కోపంగ అనలే, ఉన్న మాట అన్నట్టు అన్నది.

నేను యూనియన్ జెండా పట్టుకొని ఊరంత తిరిగినోన్ని. కూలోని మాట వినాలె, కూలోన్ని అడగాలె అని గొంతు పోయేదాక అరిసినోన్ని. ఆ రోజు పర్దాకు ఇవతల నేను గూడ ఉన్న. అడగచ్చని నాకు తట్టలే. సిగ్గుతోని తల ఎత్తలే.

మరునాడు మా అవ్వ గూడ బస్సెక్కింది. మమ్ములను బయటనే నిలబెట్టింది. "మీరు రాకుండ్రి, మీరు మాట్లాడితేనే ఆగమైతుంది" అన్నది. లోపల నర్సమ్మ ఖాలా జబ్బ చూసింది. మచ్చలు రెండు ఉన్నయి, మా అవ్వకు ఉన్నట్టే. డాక్టరు మల్ల టీకా ఏపిచ్చిండు, రెండోసారి అని రాసిండు, అప్పటికప్పుడు ముద్ర గుద్దిండు. పాత టీకా బలానికి గూడ మొన్న పొక్కు లేవకపోవచ్చు అన్నడట. మా అవ్వ మొఖం అప్పుడు విచ్చుకున్నది. ఆ పసుపు తప్పో కాదో ఎవలకెరుక. డాక్టరు మాత్రం "అమ్మా, ఈ చెయ్యి దగ్గరికి నువ్వు పసుపు పట్టుకొని రావద్దు" అన్నడట. మా అవ్వ ఊకెనే ఉంటదా, "ఆమెను అడిగి రాస్త" అన్నదట.

పోయింది. ఖాలా పడవల హజ్ పోయింది, మంచిగ వచ్చింది. రేవుకాడ లైనుల యాకూబ్ బుక్కు తీస్తుంటే చేతులకెల్లి గుంజుకొని తనే చూపిచ్చిందట. తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్ ఆయన ట్రంకు పెట్టె తెరిపిస్తే అడుగున ఒక గుడ్డ మూట. ఇప్పితే ఎండిన యాపాకు. మా అవ్వ ఎప్పుడు పెట్టిందో మరి. ఏంది ఇది అంటే యాకూబ్ పక్కకు జరిగిండట. ఖాలానే చెప్పిందట, మేరీ సహేలీ కీ దవా అని. నా దోస్తు ఇచ్చిన మందు అని. ఆయన నవ్వి పెట్టె మూసిండట. మా అవ్వకు మక్కాకెల్లి జమ్‌జమ్ నీళ్లు తెచ్చింది చిన్న డబ్బల. ఆ డబ్బ మా ఇంట్ల పోచమ్మ పసుపు పక్కన ఎన్నేండ్లు ఉండెనో.

ఇగో, నీ బుక్కు తీస్కో. తడవనియ్యకు. ఆడ దిగినంక ఎవలన్న ఏమన్న అడిగితే, బాయిల గాని రేవుకాడ గాని, నువ్వే చెప్పు. నీ పక్కనున్నోడు నీ తరఫున చెప్తనంటే జరుగుమను. మంచిగ పో, మంచిగ రా బిడ్డా. నూరేండ్లు నీ మాట చెల్లాలె. ఇంతకు... సూది గుచ్చిన చెయ్యి ఏది, నొస్తున్నదా? జర పసుపు... వద్దులే. నువ్వు రాయమంటేనే రాస్త.