వేలు పెట్టి చదివేవాడు

ఇంకోసారి చెయ్యనమ్మా నీహారికా. ఒకసారి చేశాగా, అంతా ఆ కెమెరాలో పడిందిగా. చాలు.

ఇందాక ఏమన్నావు? "అంకుల్, పరీక్ష మీకు కాదు, ఈ స్క్రీన్‌కి" అన్నావు. మరి ఆ కాగితం మీద ఇంటూ మార్కులు ఎవరికి పెడుతున్నావు? స్క్రీన్‌కా?

మనసులో అనుకున్నదంతా పైకి చెప్పమన్నావు. సరే, విను. ఆసుపత్రి అపాయింట్‌మెంట్ల కోసం ఈ యాప్ చేసినవాళ్లు, ఇక్కడ ఇంగ్లండులో, బ్రాక్‌నెల్‌లో మీ ఆఫీసు నిండా ఉన్నారు. వాళ్లలో ఇరవై ఆరేళ్లకి అక్షరాలు దిద్దినవాడు ఒక్కడన్నా ఉన్నాడా?

నేను దిద్దాను. రేపల్లె దగ్గర, మా పేట చర్చి వరండాలో, రాత్రి బడి. టీచరమ్మ నా వేలు పట్టుకుని ఒక్కో అక్షరం కింద పెట్టించేది. వేలు తీస్తే నాకు వరస తప్పిపోయేది. ఇప్పటికీ అంతే. ఇంగ్లీషూ అట్లాగే నేర్పింది. ఆ టీచరమ్మనే పెళ్లి చేసుకున్నాను. అదిగో, బయట కుర్చీలో కూర్చుంది చూడు. ప్రేమలీల.

ఇప్పుడు ఆమెకి అక్షరం కనపడదు. రెండు కళ్లకీ శుక్లాలు. ఆపరేషన్‌కి ఏడు నెలలు ఎదురుచూశాం. తారీఖు ఈ యాప్‌లోనే వచ్చింది, మీరిప్పుడు బాగుచేస్తామంటున్న దీంట్లోనే. మా అమ్మాయి హెప్సి డ్యూటీ నుంచి వచ్చి చదువుతానంది. వద్దన్నాను. నా భార్య సంగతి నేను చదవలేనా?

వేలు పెట్టి చదువుకుంటూ వచ్చాను. పేరు. తారీఖు. వార్డు. అడుగున ఎర్రటి డబ్బాలో ఒక మాట. దాని మీద వేలు పెట్టి కూడబలుక్కున్నాను. క్యా... న్... సిల్. మాట పూర్తయ్యేసరికి స్క్రీన్ మారిపోయింది. నిజంగా రద్దు చెయ్యమంటావా అని ఒక్క మాట అడగలేదు. మందుల షాపు పిల్ల కూడా రెండుసార్లు అడుగుతుంది కదమ్మా.

ఇందాక నీ ముందు జరిగిందీ అదే. నీ పెన్ను ఆగిపోయింది, చూశాను.

మళ్లీ ఫోన్ చేస్తే వరసలో చివరికి వేశారు. ప్రేమలీలకి ఏం చెప్పానంటావా? ఆసుపత్రివాళ్లే వాయిదా వేశారన్నాను. పాపం డాక్టర్లకి తీరిక లేదేమోనని వాళ్ల కోసం ప్రార్థన చేసింది. రెండు నెలలుగా చేస్తూనే ఉంది.

ఈ పరీక్షకి మీరు ముసలివాళ్లని పిలుస్తున్నారంటే ఎందుకొచ్చాననుకున్నావు? తప్పు ఈ ఏలియాది, అంటే నాది కాదు, స్క్రీన్‌ది అని చదువుకున్న పిల్లతో రాయించుకుందామని. రాయి. సంతకం కూడా పెట్టు.

రాశావా? ఇటివ్వు.

ఏం లాభంలే. ఇది ఆమె చదవలేదు. నేనే చదివి వినిపించాలి. వేలు పెట్టి.