పాప నడిచే దారి

వాగు గట్టు మీద అన్నదమ్ములిద్దరు. తమ్ముడు వెల్డింగు పనివాడు. అతని కాళ్ళ దగ్గర, పీకేసిన హద్దు కర్రలు ఆరు.

“నాలుగడుగులు జరిపావన్నయ్యా. పని మీద వారం రోజులు నేను లేనిది చూసి, హద్దు నాలుగడుగులు నా వైపు జరిపావు.”

“సర్వేవాడు కొలిచి పాతాడ్రా. పీకిందెవరు? అది చెప్పు ముందు.”

“మొదటిది మా పాప పీకింది. మిగతా ఐదూ నేనూ నీ మరదలూ పీకాం.”

“ఎనిమిదేళ్ళ పిల్ల పీకుతుంటే ఆపాల్సింది పోయి...”

“ఆపకూడదు. థెరపీ అది.”

“కర్రలు పీకడం థెరపీనా!”

“మాటలు రాని పిల్లలకి థెరపీ మేడమ్ పెట్టిన పద్ధతి. వారానికి మూడు పొద్దులు చెట్టూ నీళ్ళూ ఉన్నచోట తిరగాలి. పాప ముందు, అమ్మానాన్నా వెనక. గంటసేపు నోరెత్తకూడదు, చెయ్యి పట్టి లాగకూడదు. అదేం చేస్తే మనమూ అదే. మట్టి పిసికితే పిసికాం. బోర్లా పడుకుంటే పడుకున్నాం. ఇవాళ కర్ర పీకింది.”

“నా కర్రే దొరికిందా?”

“దాని దారికడ్డంగా పాతావు మరి. ఏడాదిగా ఒకే గీత మీద నడుస్తోంది. చూడు, అక్కడ గడ్డి కూడా మొలవట్లేదు. ఈ హద్దు మీద నువ్వు గోడ కడితే వాగు నీ వైపు పోతుంది, పాప ఇటు మిగులుతుంది.”

“ఏడాది నడిస్తే ఏం ఒరిగింది? మాటలొచ్చాయా?”

“రాలేదు.”

“మరి?”

“రాకపోతే రాలేదు! ముట్టుకుంటే కెవ్వుమనే పిల్ల. ఇప్పుడు నీళ్ళలోకి దిగేటప్పుడు దానంతటదే వేలు పట్టుకుంటోంది. ఇదిగో, ఈ వేలు.”

“ఇంట్లో పట్టుకోదా?”

“పట్టుకోదు. ఇంట్లో నేను అరుస్తాను కదా. ఈ వైద్యంలో సగం నాకే.”

“ఇంటిల్లిపాదికీ పిచ్చి ముదిరింది.”

“ఆ మాట ఇంకోసారి అను.”

“అంటే ఏం చేస్తావు?”

“అను, వింటాను.”

“అనన్లే. కోర్టుకెళ్ళు, పో. కాగితం నా దగ్గరుంది. పదేళ్ళు తిరుగు.”

“పదేళ్ళకి దానికి పద్దెనిమిది. అందాకా గోడ ముందు నిలబెట్టనా? చూడన్నయ్యా, నీ కన్ను ఈ గట్టు మీద కాదు. రోడ్డు మీదున్న నా షెడ్డు మీద. దాని పక్కనున్న నీ దుకాణం పెంచుకోవాలి.”

“ఎవడన్నాడు?”

“వదినే. నీ మరదలితో.”

“దాని నోట్లో నువ్వుగింజ నానదు.”

“వదిన్నేం అనకు. రాయించుకో. షెడ్డు స్థలం నీకు. వాగు దాకా ఈ గట్టంతా పాప పేరు మీద.”

“షెడ్డిచ్చేసి ఎలా బతుకుతావురా?”

“మిషను బండి మీద వేసుకుని ఎవడి గేటు విరిగితే వాడింటికి పోతా.”

“ఒరేయ్, అది రోడ్డు స్థలం. ఇది ముళ్ళకంప. వింటే నవ్విపోతారు.”

“నవ్వనీ. రేపు పొద్దున రిజిస్ట్రారు ఆఫీసుకి రా. కొలతకి నీ సర్వేవాణ్ణి మాత్రం తేకు, షెడ్డు స్థలం నేనే కొలిచి ఉంచాను. నీకు రాసిచ్చేది నూట పద్దెనిమిది గజాలు.”