మాడ్చని కేకు

బానిసత్వం ఇంకా రద్దు కాని అమెరికాలో, ఆ ఉదయం జార్జియా పొలాల మీద వాన సన్నగా కురుస్తూనే ఉంది. పత్తి ఏరే యంత్రాల షెడ్డు వెనక, బానిసల గదుల వరుసలో మొగుడూ పెళ్లామూ గడపలో కూర్చున్నారు. లోపల కూతురు డెల్ఫీ రొట్టె కాలుస్తోంది.

"దాని కాలికి దొర బిగించిన పట్టీలో దీపం చూశావా?"

"చూశానయ్యా. ఎర్రది నీలమైంది. అమ్మేసినట్టే."

"దొర ఫోన్‌లోనే బేరం కానిచ్చేశాడు. చార్లెస్టన్ నుంచి కొన్నవాళ్ల కారు మధ్యాహ్నానికి వస్తుందట."

"ఎన్నిసార్లు చెప్పాను, దొర ఇంటికి చుట్టాలొచ్చిన రోజు ఏదో ఒకటి మాడ్చమని. ఇన్నేళ్లూ నేను మాడ్చబట్టే కదా నన్నెవరూ కొంటామనలేదు."

"నీ వంట తిన్నవాళ్లు బతికి బయటపడితే చాలనుకున్నారులే."

"ఇప్పుడు నవ్వించకు. క్రిస్మస్ నాడు ఆ చిలగడదుంప కేకు ఎందుకు మాడ్చలేదే అంటే, మర్చిపోయానంది. అబద్ధం. విందుకొచ్చిన చార్లెస్టన్ ఆవిడ ఎవరు చేశారని అడిగితే, నేనేనని చెయ్యెత్తిందట."

"పదిహేనేళ్ల పిల్లే. అంతకుముందు దాని వంట బాగుందన్నది ఎవరు? మనమూ అనలేదు."

"బాగుందంటే ఇంకా బాగా చేస్తుందని భయం."

"నాకూ అదే భయం."

"ఏదో మాడుతున్న వాసనొస్తోంది."

డెల్ఫీ మొక్కజొన్న రొట్టె తెచ్చి వాళ్ల మధ్య పెట్టింది. అడుగంతా నల్లగా ఉంది.

"ఈసారి మర్చిపోలేదమ్మా," అంది.

తల్లి అందులో బాగా మాడిన ముక్క తను తీసుకుంది. ముగ్గురూ కలిసి తిన్నారు.